తెల్లదారం కుట్టిన పేజీ

మేస్త్రి భార్యను చంపింది పుస్తకాలు.

గుండె ఆగిపోయిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. రాస్తాడు, వాళ్ల పని అదే. నొప్పి వచ్చినా కుర్చీలోంచి లేవకుండా, కట్టుకున్నవాణ్ణి కేకెయ్యకుండా, ఒళ్లో నవల పెట్టుకుని కూర్చున్న మనిషిని గుండె చంపిందంటే ఎవరు నమ్ముతారు? ఊరూ పేరూ తెలియని మనుషులు పోస్టులో పంపిన నవల అది. దాంట్లో పడితే ఆవిడకి ఒళ్లు తెలిసేది కాదు. ఒళ్లు తెలియకే పోయింది. ఏడు నెలలుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మేస్త్రి ఇదే మాట చెబుతున్నాడు. ఇందులో ఇక వాదన లేదు.

కిందటి వారం మనం ఆయన్ని షెడ్డు గుమ్మంలో వదిలి వచ్చాం. మధ్యాహ్నం మూడు దాటింది. తీగ మార్చి చుట్టమని జనం ఇచ్చిపోయిన కాలిన మోటార్లు గోడవారన ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆటో దిగిన ఒక లావుపాటి ముసలావిడ, చేతిలో గుడ్డసంచీతో లోపలికి వచ్చి, కూర్చోమనకుండానే స్టూలు లాక్కుని కూర్చుని, "నేను ఎర్రదారాన్ని. మా పుస్తకం కోసం వచ్చాను" అంది. అక్కడే కదా ఆగాం. మేస్త్రి కూడా ఇంకా అక్కడే ఉన్నాడు, చేతిలో రాగితీగ చుట్టతో.

"ఏ పుస్తకం?" అన్నాడు.

"మీ ఇంట్లో ఏడు నెలలుగా ఉన్నది."

"మా ఇంట్లో పుస్తకాల్లేవు."

"మరిదిగారూ," అందావిడ చెమట తుడుచుకుంటూ, "నేను ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేశాను. 'లేదు' అన్న మాట ఎన్ని రకాలుగా అంటారో నాకు తెలుసు. మీది ఉండి లేదనే రకం."

"నేను మీకు మరిదినేంటి?"

"ఆవిడ నన్ను అక్కా అని రాసేది. పద్నాలుగేళ్లు రాసింది. అక్క అయ్యాక మీరు మరిది కాక ఏమవుతారు? మీకిష్టం లేకపోతే చుట్టరికం మానేద్దాం. పుస్తకం ఇవ్వండి."

ఈ దారాల సంగతి కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పాలి. వాళ్లు ఆరుగురు. కొత్త నవల ఒకటి కొంటారు, ఒక్క ప్రతే. అది రిజిస్టర్డ్ పార్సిల్లో ఒకరి తర్వాత ఒకరికి వెళుతుంది. ఒక్కొక్కరికి పదిహేను రోజులు. దాంతోపాటు ఒక నోటుబుక్కు కూడా తిరుగుతుంది. చదివినవాళ్లు అందులో ఒక పేజీ అభిప్రాయం రాసి, ఆ పేజీని లోపలికి మడిచి, అంచు సూదీదారంతో కుట్టేస్తారు. ముందు చదివినవాడి మాట తర్వాతివాడి నాలిక్కి అంటుకోకూడదని ఆ ఏర్పాటు. ఎవరి దారం వాళ్లది. అందుకే వాళ్లలో వాళ్లకి పేర్లు లేవు, ఎర్రదారం, పచ్చదారం, నల్లదారం అంతే. ఆరుగురూ రాశాక రౌండు మొదలెట్టినవాళ్లు కుట్లు కోసి, అన్నీ చదివి, నకళ్లు రాసి అందరికీ పంపుతారు. అప్పుడు తిట్టుకోవడాలు మొదలవుతాయి.

మేస్త్రి భార్యది తెల్లదారం. ఆ దారం ఎక్కడిదో మేస్త్రికి తెలుసు. కాయిల్ చుట్టాక తీగలు విడిపోకుండా బిగించి కట్టే నూలుదారం, షెడ్డులో ఆయన రీలులోదే. "నా దారం తెంపుకుపోయి ఎక్కడెక్కడివాళ్లకో ఉత్తరాలు కుడుతున్నావా?" అని ఒకసారి అన్నాడు. "మీ దారంతో కుడితే మీరూ రాసినట్టే కదా" అంది ఆవిడ. ఆయన చదువు ఊళ్లో బడిలో ఐదో తరగతితో ఆగింది. ఆవిడ పది దాకా చదివింది. ఆ ఐదు తరగతుల తేడా ముప్పై ఏళ్లలో ఏనాడూ మాటగా బయటికి రాలేదు. ఇంట్లో ఒక బీరువాలా ఉండిపోయింది, తప్పుకుని నడిచేవాళ్లు.

"పచ్చదారం మూడు ఉత్తరాలు రాశాడు మీకు," అంది ముసలావిడ. "జవాబు లేదు."

పచ్చదారం అంటే పరాయివాడు కాదు, మేస్త్రి భార్యకి సొంత అన్న. చెల్లెల్ని ఈ గుంపులో చేర్పించింది ఆయనే. శవం ఇంట్లో ఉండగానే మేస్త్రి ఆయన రొమ్ము మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నెట్టాడు. "నీ పుస్తకాలే దాన్ని చంపాయి. నువ్వే చంపావు. మళ్లీ ఈ గడప తొక్కితే కాళ్లు విరుస్తా" అన్నాడు. ఊరంతా విన్నది.

"వాడి ఊసు నా దగ్గర ఎత్తకండి."

"ఎత్తడానికే వచ్చాను. మీ బావమరిది ఏడు నెలలుగా ఒక్క పుస్తకం ముట్టుకోలేదు. ఆయన పనేమిటో తెలుసు కదా, లైబ్రరీలో. రోజంతా పుస్తకాల మధ్య కూర్చుని ఒక్కటీ తెరవని మనిషిని నేను మొన్న చూసి వచ్చాను. 'అక్కయ్యా, నా చెల్లెల్ని నేనే చంపాను' అన్నాడు. ఆకలితో అన్నం నమిలినట్టు నములుతున్నాడు ఆ మాట. అట్లా అయితే పోతాడు."

"పోనీ."

ముసలావిడ సంచీ ఒళ్లోకి లాక్కుంది. "మీరు ఇలాగే అంటారని ఆవిడ రాసింది లెండి. 'మా ఆయన నోరు కాయిల్లాంటిది, ముట్టుకుంటే షాకే. ముట్టుకోకపోతే ఇల్లంతా నడుస్తుంది' అని. ఆ నకలు దాచుకున్నాను."

భార్య తన గురించి పరాయివాళ్లకి రాసిందన్న సంగతి మేస్త్రికి అప్పుడే తెలిసింది. ఏం రాసింది, ఎంత రాసింది, పద్నాలుగేళ్లుగా ఎన్ని పేజీల్లో తనున్నాడు? అడగాలని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. తీగ చుట్టను మేకుకి తగిలించి, చుట్టే యంత్రం ముందు కూర్చున్నాడు, పనుందన్నట్టు.

పని లేదు. ఊరికి తెలియని సంగతి ఇది. ఏడు నెలలుగా ఆయన సన్నతీగ పనులు పట్టడం లేదు. కళ్లు ఆనడం లేదని చెబుతున్నాడు. కళ్లకేం రోగం లేదు. సన్నతీగ అంటే చుట్లు ఎక్కువ, జుట్టంత తీగ వందల చుట్లు తిరగాలి. ఆయన యంత్రానికి లెక్క చూపించే ముల్లు విరిగి పదేళ్లయింది. యంత్రం లెక్క యంత్రానిదే, నా లెక్క నాది అని బాగుచేయించలేదు. నోటితో పైకే లెక్కపెడతాడు. లెక్కలో ఉండగా ఇంట్లో ఎవరూ పలకరించకూడదు, ఒక్క చుట్టు తప్పితే మోటారు కాలిపోతుంది. అది ఆ ఇంటి నియమం. కూతురు మాటలు నేర్చుకోకముందే ఆ నియమం నేర్చుకుంది.

భార్య పోయిన పదకొండో రోజున మళ్లీ పనికి కూర్చున్నాడు. నాలుగు వందల పన్నెండు అన్నాడు. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆవిడ నడకే, ఎడమకాలు కొంచెం ఈడ్చి వేసే చప్పుడు. తల తిప్పితే ఎవరూ లేరు. లెక్క పోయింది. తీగ విప్పి మళ్లీ మొదలెట్టాడు. నాలుగు వందల పన్నెండు, చప్పుడు. మూడోసారి తీగ కత్తిరించి పారేశాడు. ఆ రోజు నుంచీ నాలుగు వందలు దాటే పని ఏదీ ఈ షెడ్డు గుమ్మం ఎక్కలేదు. అన్నీ బండతీగ మోటార్లే. ఆ సంఖ్యకి ఎందుకు భయపడుతున్నాడో ఆయనకి తెలియదని మనం అనుకోవద్దు.

"మంచినీళ్లయినా ఇస్తారా, అదీ పోస్టులో తెప్పించుకోనా?" అంది ముసలావిడ.

అప్పుడే కూతురు వచ్చింది. మందుల షాపులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని, చెప్పులు బయట విడిచి, లోపలికి అడుగు పెడుతూ పరాయి మనిషిని చూసి ఆగింది.

"నేను ఎర్రదారాన్నమ్మా."

కూతురు ఒక్క క్షణం ఆవిడ్ని తేరిపార చూసి, గబగబా వెళ్లి నీళ్లు తెచ్చింది. "అమ్మ మీ గురించి చెప్పేది. మీకు ఏ నవలా నచ్చదట."

"నచ్చితే మాట్లాడుకోవడానికేముంటుందే పిల్లా? పుస్తకం ఎక్కడుంది?"

"లేదని చెప్పాను కదా," అన్నాడు మేస్త్రి.

కూతురు తండ్రి వైపు చూడలేదు. గోడకున్న అరల దగ్గరికి వెళ్లి, పై అరలో పాత బేరింగుల డబ్బా కిందికి దింపింది. గ్రీజు పట్టిన గుడ్డ తీసింది. దాని కింద ఖాకీ కాగితం పొట్లం.

"మూడు నెలల కిందటే చూశాను," అంది. "నువ్వే తీసి ఇస్తావేమో అని ఊరుకున్నాను నాన్నా."

మేస్త్రి స్టూలు మీదే ఇటు తిరిగాడు. "నా డబ్బాలు వెతకడానికి నువ్వెవరు?"

"నీ కూతుర్ని. అమ్మ పేజీ దీన్లో ఉందేమో అని రోజూ అనుకుంటూ మాత్రలు లెక్కపెట్టాను షాపులో. నువ్వు చూశావా లోపల?"

"చూడలేదు."

అది నిజం. ఆ రోజు ఆవిడ ఒళ్లోంచి తీసి, కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేశాడు. కాల్చేద్దామని రెండుసార్లు కిందికి దింపాడు, రెండుసార్లూ పైకి పెట్టాడు.

ముసలావిడ పొట్లం విప్పింది. నవల పైన మామూలుగానే ఉంది, ఆఖరి రెండు అధ్యాయాల దగ్గర గుర్తుగా పెట్టిన కాగితం ముక్క ఇంకా అలాగే ఉంది. నోటుబుక్కు తెరిచింది. ఆవిడ ఎర్రదారం పేజీ, తర్వాత నల్లదారం పేజీ, గట్టి కుట్లు. ఆ తర్వాత ఒక పేజీ మడిచి ఉంది. తెల్లదారం. రెండే కుట్లు పడ్డాయి. మూడోది సగంలో ఆగింది. సూది ఇంకా దారానికే వేలాడుతోంది, తుప్పు పట్టి.



"ముట్టుకోవద్దు," అన్నాడు మేస్త్రి. లేచి నిలబడ్డాడు. "మీ నియమం నాకూ తెలుసు. ఆరుగురూ రాసేదాకా కోయకూడదు. ఇంకా ముగ్గురు మిగిలారు."

"కోయకూడదు, నిజమే. కానీ కుట్టే పూర్తి కాలేదు." ముసలావిడ సూది పట్టుకుని మెల్లగా లాగింది. ముడి వెయ్యని దారం కాగితంలోంచి జారి చేతిలోకి వచ్చేసింది. "చూశారా, కత్తెరే అక్కర్లేదు. అమ్మాయీ, చదవనా?"

"చదవండి," అంది కూతురు.

ఆపాలంటే రెండడుగులు వేస్తే చాలు. మేస్త్రి వెయ్యలేదు. ఒక్కటే సంగతి ఆయన్ని అక్కడ కట్టేసింది. ఏడు నెలలుగా రోజూ తినేస్తున్న సంగతి. ఆవిడ ఆఖరి గడియలో ఏమనుకుంది? తనని తిట్టుకుందా? ఆ కాగితంలో ఆ జవాబుంది.

ముసలావిడ కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలెట్టింది. ఎక్స్చేంజి గొంతు. ఏ మాటకీ ఎక్కువ బరువు పెట్టదు, ఏ మాటా వినబడకుండా పోదు.

"'ఇంకా రెండు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. అయినా అభిప్రాయం ఇప్పుడే రాస్తున్నాను. ఊరికే కూర్చోబుద్ధి కాక.

'అక్కాచెల్లెళ్లిద్దరు ఇంటికి నడిమధ్య గోడ కట్టుకుని ఇరవై ఏళ్లు మాట్లాడుకోలేదని రచయిత రాశాడు. కోపం వల్ల అన్నాడు. నేను నమ్మను. కోపం నాలుగు రోజుల చుట్టం. ఐదో రోజు దానికీ ఆకలేస్తుంది, లేచి పోతుంది. ఇరవై ఏళ్లు నిలిచేది అలవాటు. మొదట ఒకరు ఇప్పుడు కాదు అంటారు. రెండోవాళ్లు సరే అంటారు. రచయిత అక్కని తిట్టాడు, ఇప్పుడు కాదు అన్నందుకు. నేను చెల్లెల్ని తిడతాను, సరే అన్నందుకు. ఎర్రదారం అక్కయ్య ఒప్పుకోదు, నాకు తెలుసు.'"

ముసలావిడ ఆగి, "ఒప్పుకోను," అంది కాగితంతో. ముక్కు తుడుచుకుని మళ్లీ చదివింది.

"'మా ఆయన గోడ అవతల ఐదు వందల ముప్పై అంటున్నారు. చుట్లు లెక్కపెడుతున్నారు. నాలుగు కాయిళ్లకీ తెగకుండా ఒకే తీగ. మొత్తం తొమ్మిది వందల అరవై. అయ్యేదాకా పలకరించకూడదు. నాలుగు వందల పన్నెండు దగ్గర నేను గుమ్మంలోకి వెళ్లి ఏమండీ అన్నాను. తలెత్తి చూశారు. ఆగమని చెయ్యెత్తారు. వచ్చేశాను.

'ఎడమచెయ్యి భుజం నుంచి లాగుతోంది. పొద్దున్నుంచీ ఉంది గానీ ఇప్పుడు దవడలోకి పాకింది. లెక్క అవగానే చెబుతాను. ఆయన తప్పేం లేదు. ముప్పై ఏళ్లుగా ఆగుతూనే వచ్చాను కదా. ఇవాళ్టి ఆగడం వేరని ఆయనకెలా తెలుస్తుంది?

'గోడకి చెవి పెట్టి చెల్లెలు అక్క దగ్గు వినే చోటు బాగుంది. అది రాసినందుకు రచయితని సగం క్షమించాను.

'ఆరు వందల ఎనభై. ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆగడం లేదు. పెన్ను జారుతోంది, అక్షరాలు వంకరపోతే నవ్వకండి. కుట్టేసి కాసేపు నడుం వాలుస్తాను.

'అన్నయ్యా, తర్వాత నీ దగ్గరికే కదా వస్తుంది. ఆ రెండు అధ్యాయాల్లో గోడ పడుతుందో లేదో...'"

ముసలావిడ కళ్లజోడు తీసింది. "ఇంతే ఉంది."

బయట వీధిలో ఎవడో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

మేస్త్రి యంత్రం పిడి పట్టుకుని నిలబడ్డాడు. తిట్టలేదు. ఆవిడ తనని ఒక్క మాట అనలేదు. అది వినగానే ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోతుందని అనుకున్నాడు ఇన్నాళ్లూ. దిగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకి తిరుగు తిట్టు ఉంటుంది.

ఆ రోజు ఆయన తలెత్తాడు. చూశాడు. ఆవిడ మొహం కాగితంలా పాలిపోయి ఉంది, పై పెదవి మీద చెమట ఉంది, ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి ఉంది. అంతా చూశాడు. చూసి, నాలుగు వందల పదమూడు అనుకున్నాడు. తొమ్మిది వందల అరవై పూర్తి చేశాడు. ఒక్క చుట్టు తప్పలేదు. ఆ మోటారు ఇప్పటికీ తిరుగుతోందని దాని యజమాని మొన్న కూడా మెచ్చుకుని వెళ్లాడు.

"నాలుగు వందల పన్నెండు నుంచి తొమ్మిది వందల అరవై," అంది కూతురు. గొంతు మామూలుగానే ఉంది. అదే భయం. "సన్నతీగ. ఎంతసేపు పడుతుంది నాన్నా?"

ఆయన మేకుకి ఉన్న తీగ చుట్ట అందుకున్నాడు.

"పావుగంట. ఇంకా ఎక్కువే. మా షాపు రెండు వీధుల అవతల. నాలిక కింద పెట్టే మాత్ర నా పక్క డ్రాయరులోనే ఉంటుంది. రోజూ పదిమందికి ఇస్తాను."

"ఊరుకో."

"మామయ్య అందరి ముందూ నిన్ను అడిగాడు. బావా, అది నిన్ను పిలిచిందా అని. నేను పక్కనే ఉన్నాను. నువ్వేమన్నావ్?"

"ఊరుకోమన్నానా!"

"పిలవలేదు అన్నావ్. పిలిచుంటే పరిగెత్తుకెళ్లేవాణ్ణి కదా, పుస్తకంలో పడి పిలవనే లేదు అన్నావ్. ఆ మాట పట్టుకుని మామయ్య ఏడు నెలలుగా చస్తున్నాడు. నేనూ అమ్మ మీద కోపం పెట్టుకున్నాను. ఒక్క కేక ఎందుకు వెయ్యలేదే అని చచ్చిపోయిన మనిషితో రోజూ పోట్లాడుతున్నాను."

మేస్త్రి ముసలావిడ వైపు తిరిగాడు. "ఆ పేజీ చించి నాకివ్వండి. పుస్తకం మీరు పట్టుకుపోండి."

"చించను."

"అది నా భార్య రాసింది."

"మాకు రాసింది. ఇరవై రెండేళ్లలో ఈ నోటుబుక్కుల్లోంచి ఒక్క పేజీ చించలేదు. నల్లదారం ఒకసారి నన్ను గాడిద అని రాశాడు. వ్యాకరణంతో సహా చదివి, నకళ్లు తీసి, ఐదుగురికీ పంపాను. అదే చించలేదు, ఇది చించుతానా?"

కూతురు ఆ తుప్పు సూది పక్కన పెట్టింది. బల్ల సొరుగులోంచి వేరే సూది తీసింది. రీలు నుంచి తెల్లదారం తెంపి ఎక్కించింది. తల్లి వేసిన చిల్లుల్లోంచే తిరిగి కుట్టింది, మిగతా ఐదు కుట్లూ వేసి ముడి పెట్టింది. నోటుబుక్కు నవల మీద పెట్టి ఖాకీ కాగితంలో చుట్టింది.

"నాన్నా, ఇది మామయ్యకి వెళ్లాలి. వరసలో తర్వాత ఆయనే, అమ్మ పేజీ కోసి చదవకుండా ఉండడు. పోస్టాఫీసు ఐదింటికి మూస్తారు. నువ్వు ఈలోపు ఆయనకి ఫోను చేసి, పిలిచింది, నేనే ఆగమన్నాను అని నీ నోటితో చెప్పు. చెబితే ఇది పంపను. నీ మాట చాలు మాకు, కాగితం అక్కర్లేదు." ముసలావిడ వైపు చూసింది. "మీరు ఒప్పుకుంటారా?"

ముసలావిడ చేతిసంచీ తాళ్లు సర్దుకుంది. "పేజీ చించనన్నాను గానీ, పుస్తకం ఈ ఇంట్లో ఇంకో పదేళ్లు ఉంటే అడగనులే," అంది. తర్వాత గొంతు తగ్గించి, "కానీ ఫోనెందుకమ్మా. ఆయన వీధి చివర బస్టాపులో కూర్చుని ఉన్నాడు. నాతోనే వచ్చాడు. గడప తొక్కొద్దన్నారని ఆగిపోయాడు."

కూతురు పొట్లం చంకన పెట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది.

ఆ కాసేపూ షెడ్డులో ఇద్దరే. ముసలావిడ ఏమీ అనలేదు, అది ఆవిడకి కష్టమే అయ్యుంటుంది. ఒక్కసారి మాత్రం, "రెండు ముక్కలు మరిదిగారూ. ఒక మనిషిని బతికించే రెండు ముక్కలు," అంది. మేస్త్రి నేల చూస్తున్నాడు. చెప్పడానికి ఏం పట్టింది? పిలిచింది. ఆగమన్నాను. అంతేగా. నోట్లో ఆ మాటలు తయారయ్యాయి కూడా. వాటి వెనకే ఇంకోటి తయారైంది. ఆ రెండు ముక్కలూ చెబితే ఊళ్లో మిగిలేదేంటి? పెళ్లాం మొహం చూసి కూడా లెక్క ఆపనివాడు. కూతురు రోజూ అన్నం పెడుతూ చూసేదేంటి? అదే. పుస్తకాలు చంపాయన్న మాట పోతే ఆయనకి ఇక నిలబడే చోటు లేదు.

అడుగులు వినబడ్డాయి. బావమరిది వచ్చాడు. మనిషి సగానికి సగం తగ్గాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. గడప అవతలే ఆగాడు, కాలి బొటనవేళ్లు గడపకి తగలకుండా జాగ్రత్తగా. చేతిలో పొట్లం ఉంది, కాగితం విప్పి ఉంది, నోటుబుక్కు తెల్లదారం పేజీ దగ్గర తెరిచి ఉంది. కుట్లు అలాగే ఉన్నాయి. పక్కన కూతురు నిలబడింది.

"చదవొద్దన్నాను మామయ్యని," అందామె. "నువ్వు చెబుతావని చెప్పాను."

బావమరిది తల ఎత్తాడు. అచ్చం చెల్లెలి కళ్లే.

"బావా," అన్నాడు. "ఒక్కసారి చెప్పు. మళ్లీ జన్మలో అడగను. అది పిలిచిందా?"

ముసలావిడ స్టూలు మీంచి లేచింది. నలుగురి మధ్యా ఆ గడప ఉంది.

మేస్త్రి బావమరిది మొహం చూశాడు. తర్వాత ఆయన చేతిలో పేజీ చూశాడు. ఏడు కుట్లు. రెండు తల్లి వేసిన చిల్లుల్లో, ఐదు కూతురు పొడిచినవాటిలో. ఆ చేతులకి ఆ కుట్లు కోయడానికి ఎంతసేపు పడుతుంది?

"ఆ పేజీలో అది నన్ను తప్పు పట్టలేదు," అన్నాడు. "అది పట్టని తప్పు పట్టడానికి మీరెవరు?"

"నాన్నా!"

"కోసుకుంటాడో కాల్చుకుంటాడో వాడిష్టం. చదివి మీరేమనుకున్నా నాకనవసరం." యంత్రం ముందు స్టూలు లాక్కుని, వాళ్లకి వీపు పెట్టి కూర్చున్నాడు. "నా నోట మాత్రం ఆ మాట రాదు. ఇవాళ రాదు, రేపు రాదు, నన్ను మోసుకుపోయే రోజు కూడా రాదు. ఇదే ఆఖరు. మళ్లీ అడిగినవాళ్లతో నేను ఏ మాటా మాట్లాడను."